పడమటి కిటికీలకు ఫిల్మ్ వేయించిన నా అనుభవం

విజయవాడలో మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. మేం మూడో అంతస్తులో ఉంటాం. ఈ ఫ్లాటు కొన్నప్పుడు పడమటి వైపు ఒక పాత పెంకుటిల్లు, దాని పెరట్లో మా అంతస్తును దాటి ఎదిగిన వేపచెట్టు ఉండేవి. నిరుడు సంక్రాంతి తర్వాత ఆ ఇల్లు చేతులు మారింది. కొన్నవారు ఇల్లు పడగొట్టించి, చెట్టు కొట్టించి, స్థలం చదును చేసి వదిలేశారు. అన్నేళ్ల పాటు ఆ చెట్టు మా ఇంటికి ఎంత మేలు చేసిందో వేసవి మొదలయ్యాకే తెలిసింది.

పడమటి వైపు మాకు రెండు పడక గదులున్నాయి. ఒకటి మాది, ఒకటి అత్తయ్యది. ఒక్కో గదికి అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చాలు, ఎండ అత్తయ్య మంచం మీదికి వచ్చేది. సాయంత్రం ఆరు దాకా అక్కడే ఉండేది. ఒక టన్ను ఏసీ నడుస్తూనే ఉన్నా గది చల్లబడేది కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అంటారు. మాకు చైత్రంలోనే ఆ పరిస్థితి వచ్చింది. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం ఆవిడకు అరవై ఏళ్ల అలవాటు. ఆ వేసవిలో ఆవిడ హాల్లో కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడటం చూసి ఉండబట్టలేక, అద్దానికి అతికించి ఎండను తగ్గించే ఫిల్మ్ దాకా వెళ్లిన ఈ పని మొదలుపెట్టాను.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. కాబట్టి ముందు ఎంత వేడి వస్తోందో లెక్క వేశాను. ఏప్రిల్, మే నెలల్లో మబ్బు లేని రోజున మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల ఎండ పడుతుంది. మా కిటికీ ఇరవై చదరపు అడుగులు, అంటే దాదాపు 1.85 చదరపు మీటర్లు. దాని మీద పడేది 1,100 వాట్ల పైచిలుకు. అయిదు మిల్లీమీటర్ల మామూలు అద్దం అందులో నూటికి ఎనభై పాళ్లకు మించి లోపలికి వదులుతుంది. ఫ్రేము మినహాయించినా దగ్గర దగ్గర 900 వాట్లు గదిలోకి చేరుతున్నాయి. ఒక టన్ను ఏసీ తీసి బయట పారబోయగలిగే వేడి 3,500 వాట్లు. అందులో నాలుగో వంతు ఒక్క కిటికీయే మింగేస్తోంది. గోడ వేడి, గాలి వేడి, మనుషుల ఒంటి వేడి దీనికి అదనం.

మందపాటి కర్టెన్ వేస్తే సరిపోతుందని చాలామంది చెప్పారు. కర్టెన్ ఎండను ఆపే మాట నిజమే. కానీ అప్పటికే ఎండ అద్దం దాటి గదిలోకి వచ్చేసింది. కర్టెన్ గుడ్డ ఆ ఎండను పీల్చి తాను వేడెక్కి, ఆ వేడిని గది గాలికే ఇస్తుంది. కర్టెన్‌కు, అద్దానికి మధ్య చెయ్యి పెట్టి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఎండను ఆపదలచుకుంటే అద్దానికి అవతలే ఆపాలి. వానను గుమ్మం బయట ఆపడానికీ, లోపలికి వచ్చాక గుడ్డతో తుడవడానికీ ఉన్నంత తేడా ఇది. మన పెద్దవాళ్లు వసారాకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లింది ఈ లెక్క తెలిసే. అందుకని హాలు బాల్కనీకి ముందుగా వెదురు చాపలు కట్టించాం. అక్కడ ఫిల్మ్ అవసరమే రాలేదు. ఎవరైనా నన్ను అడిగితే మొదట చెప్పేది ఇదే: బయట నీడ కల్పించే వీలుంటే ఫిల్మ్ జోలికి వెళ్లవద్దు.

పడక గదుల కిటికీలకు ఆ వీలు లేదు. అవి నేరుగా బయటి గోడలో ఉన్నాయి. అందుకోవడానికి బాల్కనీ లేదు. పైనున్న సన్‌షేడ్ అడుగున్నర మాత్రమే. నడినెత్తి సూర్యుణ్ణి అది ఆపుతుంది కానీ, పడమటికి వాలిన సూర్యుడికి అడ్డు రాదు. రేకు బిగించుకుంటామంటే అసోసియేషన్ వాళ్లు ముఖద్వారం వైపు అందం పాడవుతుందని ఒప్పుకోలేదు. ఈదురుగాలికి మూడో అంతస్తు నుంచి ఊడి ఎవరి మీదైనా పడుతుందన్న భయం నాకూ ఉంది. అలా చివరికి ఫిల్మ్ దగ్గరికి వచ్చాం.

ఫిల్మ్ అంటే పాలియెస్టర్ పొర. ఇంటి అద్దాలకు వాడే రకం మందం చాలావరకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటుంది. దానికి ఒక వైపు జిగురు, రెండో వైపు గీతలు పడకుండా గట్టి పూత. ఎండను ఆపే పదార్థం ఆ పొరలోనో, పొరల మధ్యనో ఉంటుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో త్రీఎం సంస్థ 1966లోనే దీనికి పేటెంటు పొందింది. తొలి ఫిల్ములు అల్యూమినియం పూతతో అద్దంలా మెరిసేవి. ఇప్పుడు దొరికేవాటిలో చవకైనవి రంగు వేసినవి. వాటి రంగు మన ఎండకు కొన్నేళ్లలో వెలిసి ఊదా రంగుకు తిరుగుతుంది. పాత దుకాణాల అద్దాల మీద ఆ రంగు చూసే ఉంటారు. తర్వాత లోహపు పూతవి, ఆ పైన సిరామిక్ రకాలు. సిరామిక్ రకంలో లోహం లేదు కాబట్టి ఫోను సిగ్నల్‌కు అడ్డు రాదు.

బజారులో తిరగడం మొదలుపెట్టాక తెలిసింది, ఇక్కడ వస్తువు కంటే అంకెలతోనే ఎక్కువ పేచీ అని. మొదట వెళ్లిన దుకాణంలో బల్ల మీద ఒక పెట్టె పెట్టారు. లోపల ఎర్రటి హీట్ ల్యాంపు, ముందు అద్దం. అద్దం ముందు చెయ్యి పెట్టమన్నారు, కాలింది. ఫిల్మ్ ముక్క అడ్డం పెట్టి మళ్లీ చెయ్యి పెట్టమన్నారు, ఏమీ తెలియలేదు. "చూశారుగా మేడమ్, 97 శాతం వేడి ఆపేస్తుంది" అన్నాడు కుర్రాడు. చెయ్యి చెప్పింది నిజమే. కానీ ఆ దీపం సూర్యుడు కాదు. హీట్ ల్యాంపు ఇచ్చే శక్తిలో అత్యధిక భాగం కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలే. ఆ ఫిల్మ్ బాగా ఆపేది కూడా వాటినే. నేల మీదికి వచ్చే ఎండలో పరారుణం సగానికి కాస్త అటూ ఇటూ. నూటికి నలభైకి పైగా కంటికి కనిపించే వెలుగు. మిగిలిన అయిదు పాళ్ల లోపు అతినీలలోహితం (యూవీ).

ఈ మూడు అంకెలు గుర్తుంటే దుకాణంలో ఎవరూ మనల్ని తప్పుదారి పట్టించలేరు. వెలుగు కూడా శక్తే. గదిలోకి వచ్చి నేల మీద, పరుపు మీద, గోడ మీద పడ్డ వెలుగంతా చివరికి వేడిగానే మారుతుంది. కాబట్టి 70 శాతం వెలుగును వదిలే ఫిల్మ్, మిగతావన్నీ పూర్తిగా ఆపేసినా సరే, ఎండలోని శక్తిలో 30 శాతాన్ని వెలుగు రూపంలోనే లోపలికి పంపుతుంది. ఒక వైపు 70 శాతం వెలుగు, ఇంకో వైపు 97 శాతం వేడి తగ్గింపు అని ఒకే కాగితం మీద రాసి ఉంటే ఆ 97 మొత్తం వేడి గురించి చెబుతున్నది కాదు. పరారుణంలో ఏదో ఒక సన్నని భాగంలో కొలిచిన అంకె అది. అలాగే ప్రతి కరపత్రం మీదా పెద్ద అక్షరాలతో కనిపించే 99 శాతం అతినీలలోహితానికి సంబంధించినది. అది నిజం, ఉపయోగం కూడా. చెక్క బీరువా, పుస్తకాలు, కర్టెన్లు వెలిసిపోవడం నెమ్మదిస్తుంది. కానీ గది చల్లదనంతో దానికి సంబంధం దాదాపు లేదు.

అడగాల్సింది ఒక్కటే: మొత్తం సౌరశక్తిలో ఎంత ఆగుతుంది? దాన్ని టీఎస్ఈఆర్ అంటారు. కొందరు ఎస్‌హెచ్‌జీసీ అని ఇస్తారు. అది లోపలికి వచ్చే వంతు. ఎస్‌హెచ్‌జీసీ 0.45 అంటే ఎండలో 45 పాళ్లు గదిలోకి వస్తాయి, టీఎస్ఈఆర్ 55 శాతం. రెండూ ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి చెబుతాయి. రెండో అంకె వీఎల్‌టీ, అంటే ఎంత వెలుగు వస్తుందన్నది. ఈ రెండూ రాసి ఉన్న సాంకేతిక పత్రం ఇవ్వమని అడిగాను. మొదటి దుకాణంలో లేదన్నారు. అక్కడి నుంచి లేచి వచ్చేశాను. తర్వాత ఒక పాత గాజు వ్యాపారి దగ్గర ఆ పత్రం దొరికింది. ఆయన చూపించిన ఫిల్మ్ రకాన్ని ఇంటికి వచ్చి సరిచూసుకున్నాను. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబొరేటరీ వారు ప్రపంచవ్యాప్తంగా తయారయ్యే అద్దాల, ఫిల్ముల కొలతలను ఒక అంతర్జాతీయ గ్లేజింగ్ డేటాబేస్‌లో ఉంచుతారు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పత్రంలోని అంకెలు అందులోని వాటితో సరిపోయాయి. ఒక ఇంటి కిటికీకి ఇంత శ్రమ అవసరమా అని మావారు అడిగారు. పదేళ్లు అద్దాన్ని అంటిపెట్టుకుని ఉండే వస్తువుకు ఒక సాయంత్రం కేటాయించడం ఎక్కువ కాదని నా అభిప్రాయం.

ఎంత ముదురుగా ఉంటే అంత చల్లదనం అన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. మా ఎదురింటివారు అయిదు శాతం వెలుగు మాత్రమే వదిలే నల్ల ఫిల్మ్ వేయించుకున్నారు. మిట్టమధ్యాహ్నం ఆ గదిలో ట్యూబ్‌లైటు వేసుకుంటున్నారు. ఏసీలో ఆదా చేసిన దాంట్లో కొంత దీపాలకు పోతుంది. అంతకంటే ముఖ్యం, మనిషి పగలంతా చీకటిగదిలో ఎలా ఉండగలడు? అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని భాగవతం చదువుకుంటారు. ఆవిడకు వెలుగు కావాలి, వేడి వద్దు. కేంద్రంలోని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నివాస భవనాల కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలోనూ అద్దం వదలాల్సిన వెలుగుకు కనీస పరిమితి ఉంది. గోడల్లో కిటికీల వాటా 30 శాతం లోపు ఉంటే అద్దం కనీసం 27 శాతం వెలుగునైనా లోపలికి రానివ్వాలి. ఆ సంహిత కొత్త భవనాల కోసం రాసింది. మా పాత ఇంటికి వర్తించకపోయినా, ఆలోచన సరైనది కాబట్టి దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాను. చివరికి 45 శాతం వెలుగు వదిలే, ఎస్‌హెచ్‌జీసీ 0.45 ఉన్న లేత బూడిద రంగు సిరామిక్ రకం ఎంచుకున్నాం.

ఈ మాటల్లోనే చాలామంది అడిగిన సందేహం: నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు నిషేధించింది కదా అని. 2012 ఏప్రిల్‌లో వచ్చిన ఆ తీర్పు వాహనాల అద్దాల గురించి. ఇళ్ల కిటికీలకు దానితో సంబంధం లేదు.

డబ్బు ఇచ్చే ముందు చూసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి అద్దం రకం. దీన్ని గురించి దుకాణాల్లో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పలేదు, గాజు వ్యాపారి తప్ప. ఫిల్మ్ ఎండను రెండు రకాలుగా ఆపుతుంది. కొంత వెనక్కి తిప్పికొడుతుంది, కొంత తాను పీల్చుకుంటుంది. పీల్చుకున్నప్పుడు అద్దం వేడెక్కుతుంది. ఎండ పడే నడిభాగం వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఫ్రేములో దాగిన అంచులు, నీడలో ఉన్న భాగాలు చల్లగా ఉంటాయి. ఈ తేడా ఎక్కువైతే అంచు దగ్గర ఉన్న చిన్న పగులు నుంచి అద్దం చిట్లుతుంది. మామూలు అద్దం సుమారు 40 డిగ్రీల తేడాను తట్టుకుంటుంది. టఫెన్డ్, అంటే వేడిచేసి గట్టిపరచిన అద్దమైతే 200 డిగ్రీల దాకా భయం లేదు. టఫెన్డ్ అద్దానికి ఒక మూల చిన్న ముద్ర ఉంటుంది, అది చూసి గుర్తుపట్టవచ్చు. మా కిటికీలవి మామూలు అద్దాలే. అందుకే ఎక్కువగా పీల్చుకునే ముదురు ఫిల్మ్ మాకు పనికిరాదని ఆయన ముందే చెప్పారు. ఒక పలకకు అంచున పెచ్చు లేచి ఉంది. దాన్ని మార్చాకే ఫిల్మ్ వేస్తానన్నారు. వైరు అల్లిన అద్దం, గరుకు డిజైను అద్దం, రెండు పలకల మధ్య గాలి మూసిన అద్దం ఉన్నవారు ఫిల్మ్ తయారీదారు సరిపోతుందని రాసిచ్చిన రకాన్ని తప్ప వేయించకూడదు. స్నానాల గదుల వెంటిలేటర్ల గరుకు అద్దాల మీద ఫిల్మ్ అసలు సరిగా అతుక్కోదు.

ధర చదరపు అడుగుకు కూలీతో కలిపి 150 రూపాయలు. రోలు వెడల్పు అయిదడుగులు. మా పలకలు ఒక్కోటి రెండున్నర అడుగులు. రోలు వెడల్పులో రెండు పలకలు సరిగ్గా ఇమిడాయి కాబట్టి తరుగు కింద ఏమీ పోలేదు. మీ కిటికీ కొలత రోలుకు అనువుగా లేకపోతే తరుగు ఖరీదు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

పని జరిగిన రోజు ఇద్దరు కుర్రాళ్లు తెల్లవారి ఏడింటికే వచ్చారు. పడమటి అద్దం మీద ఎండ పడకముందే పని ముగించాలని, అద్దం వేడిగా ఉంటే షాంపూ నీళ్లు ఆరిపోయి ఫిల్మ్ అడ్డదిడ్డంగా అంటుకుపోతుందని చెప్పారు. గదిలోకి రాగానే ఫ్యాను ఆపించారు. అత్తయ్య చెమటలు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడితే పెద్దవాడు, "కాసేపు ఓర్చుకోండి మామ్మగారూ, ఒక్క ధూళి కణం లోపల చిక్కుకున్నా పదేళ్లు మీ కంటికి కనిపిస్తూనే ఉంటుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని పనితనం మీద నాకు నమ్మకం కుదిరింది.

కిటికీ పలకలను గాడి నుంచి ఊడదీసి, కింద తువ్వాళ్లు పరిచి నిలబెట్టారు. నీళ్లలో పిల్లల షాంపూ కొన్ని చుక్కలు కలిపి స్ప్రే సీసాలో పోశారు. అద్దం తడిపి, కొత్త బ్లేడుతో ప్రతి అంగుళం గీకారు. పైకి శుభ్రంగా కనిపించే అద్దం నుంచి రంగు మరకలు, సిమెంటు తుంపరలు, పాత స్టిక్కరు జిగురు ఊడి వచ్చాయి. అసలు సమయమంతా దీనికే పట్టింది. ఫిల్మ్ అతికించడం అందులో సగం సేపు కూడా లేదు. మూలన రెండు టేపు ముక్కలు అంటించి లాగితే వెనకున్న పలచని పొర విడిపోతుంది. జిగురు వైపు మళ్లీ నీళ్లు చల్లి, తడి అద్దం మీద పరిచి, అటూ ఇటూ జరిపి సరిచేశారు. ఆ తర్వాత రబ్బరు స్క్వీజీతో నడుమ నుంచి అంచుల వైపు నీటిని నెట్టారు. చివరగా అంచు పొడవునా ఒకటి, రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి కోశారు. ఆ ఖాళీ ఎందుకని అత్తయ్య అడిగారు. ఫిల్మ్ అంచు ఫ్రేమును ఆనుకుంటే నీళ్లు బయటికి పోయే దారి ఉండదని, అంచు పైకి లేస్తుందని అతను ఓపికగా వివరించాడు.

స్లైడింగ్ కిటికీలున్నవారు ఇంకో సంగతి గమనించాలి. లోపలి పలక జరిగినప్పుడు దాని అంచున ఉండే కుచ్చు, బయటి పలక లోపలి ముఖానికి రాసుకుంటూ పోతుంది. ఫిల్మ్ ఉండేది ఆ ముఖం మీదే. మా కుచ్చులు ఏళ్ల తరబడి దుమ్ము పట్టి గట్టిపడి ఉన్నాయి. అవి అలాగే ఉంటే కొత్త ఫిల్మ్ మీద గీతలు పడేవి. కుచ్చులు మార్పించాం. ఖర్చు నామమాత్రం.

మొదటి వారం అద్దం చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అక్కడక్కడ నీటి బుడగలు, పాలు కలిపినట్టు మసక. ఫిల్మ్ కింద చిక్కిన తేమ పాలియెస్టర్ గుండా మెల్లగా ఆరాలి. అందుకు నెల దాకా పట్టవచ్చని తయారీదారులు రాస్తారు. మన వేసవిలో ఇంకా త్వరగానే అయిపోయింది. ఈలోగా బుడగను వేలితో నొక్కడం, సూదితో పొడవడం చేయకూడదు. ఆరిన తర్వాత నీళ్లలాంటి బుడగలు పోతాయి. గట్టి గింజలా తగిలేవి ధూళి, అవి పోవు. అలాంటివి ఎక్కువగా ఉంటే ఆ పలక మళ్లీ వేయించుకునే హక్కు మనకు ఉంటుంది. మాకు ఆ అవసరం రాలేదు. తుడిచే పద్ధతి కూడా మారాలి. పాత వార్తాపత్రికను నలిపి అద్దం తుడవడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఫిల్మ్ మీద ఆ పని చేయకూడదు, అమ్మోనియా కలిసిన అద్దాల ద్రవం వాడకూడదు. మెత్తని గుడ్డ, సబ్బు నీళ్లు చాలు.

ఇక ఫలితం. కావాలనే మొదట అత్తయ్య గదికి మాత్రమే వేయించి, మా గది కిటికీని కొన్నాళ్లు అలాగే వదిలాను. రెండు గదులూ ఒకే కొలత, ఒకే దిక్కు. ఏసీలు ఆపి, తలుపులు మూసి, రెండు గదుల్లో ఎండ తగలని చోట ఒకే రకం థర్మామీటర్లు పెట్టాను. సాయంత్రం నాలుగింటికి గాలి ఉష్ణోగ్రతలో తేడా రెండు డిగ్రీల లోపే వచ్చింది. అంకె చూస్తే చిన్నదే. గదిలోకి అడుగుపెడితే మాత్రం చాలా పెద్దది. ఎందుకంటే మన ఒంటికి తెలిసేది గాలి వేడి ఒక్కటే కాదు, ఒంటి మీద నేరుగా పడే ఎండ కూడా. పరుపు మీద ఎండ పడ్డ చోట మా గదిలో చెయ్యి పెట్టలేకపోయాం. అత్తయ్య గదిలో అదే చోట గోరువెచ్చగా ఉంది. ఆ మధ్యాహ్నమే ఆవిడ తిరిగి తన మంచం మీద పడుకున్నారు. నాకు కావాల్సిన కొలత అదే.

అద్దాన్ని ముట్టుకుంటే ఇంకో విచిత్రం. ఫిల్మ్ వేసిన అద్దం, వేయని అద్దం కంటే వేడిగా ఉంది. మావారు కంగారుపడి, ఫిల్మ్ పనిచేయడం లేదన్నారు. ఇది చాలామంది పడే అనుమానం. ఇంతకుముందు అద్దం దాటి నేరుగా పరుపు మీద పడిన శక్తిలో కొంత ఇప్పుడు అద్దం దగ్గరే ఆగి దాన్ని వేడెక్కిస్తోంది. ఆ వేడిలో ఎక్కువ భాగం బయటి గాలికి పోతుంది, కొంత లోపలికి వస్తుంది. ఎస్‌హెచ్‌జీసీ అంకెలో ఆ లోపలికి వచ్చేది కూడా కలిపే ఉంటుంది. కాబట్టి అద్దం వేడిని చూసి ఫిల్మ్‌ను అంచనా వేయకూడదు. మంచాన్ని కిటికీకి మరీ ఆనించకుండా అడుగు దూరం జరిపాం, అంతే.

కరెంటు బిల్లు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు ఇక్కడే ఆకాశానికి నిచ్చెనలు వేస్తారు. రెండు కిటికీలకూ కలిపి ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు 800 వాట్ల వేడి తగ్గుతుంది. మధ్యాహ్నమంతా సగటున 600 అనుకున్నా, అయిదు గంటలకు మూడు కిలోవాట్ గంటల వేడి. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్లకు పైగా వేడిని బయటికి పంపుతుంది. కాబట్టి మిగిలే కరెంటు రోజుకు ఒక యూనిట్ లోపే. వేసవిలో మా వాడకం 226 నుంచి 400 యూనిట్ల శ్లాబులో ఉంటుంది. అక్కడ యూనిట్ ధర 8 రూపాయల 75 పైసలు. ఆదా అయ్యేవి ఎప్పుడూ బిల్లులో పైనున్న ఖరీదైన యూనిట్లే కాబట్టి లెక్క ఆ ధరకే కట్టాలి. అలా చూసినా నెలకు రెండు వందల పాతిక, ఏడాదిలో నాలుగు వేడి నెలలకు 900 రూపాయలు. పెట్టిన ఖర్చు 6,000. తిరిగి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఏడాదిలో సగం డబ్బు వచ్చేస్తుందని ఎవరైనా చెబితే, ఇంటి కిటికీల విషయంలో ఆ మాట నమ్మకండి. పగలు ఏసీ వేయని ఇంట్లో బిల్లు దాదాపు ఏమీ తగ్గదు. అక్కడ దక్కేది హాయి. మా ఇంట్లో నేను ఆ హాయికే డబ్బు ఇచ్చాను, బిల్లులో తగ్గేది దాని పైన వచ్చేది.

పెద్ద ఆఫీసుల లెక్క వేరు. నిలువెత్తు అద్దాల గోడలు, పొద్దున నుంచి రాత్రి దాకా నడిచే ఏసీలు ఉన్న చోట ఇదే ఫిల్మ్ ఎంతో త్వరగా ఖర్చు రాబడుతుంది. హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి వైపు పాతికేళ్ల కిందట కట్టిన అద్దాల భవనాలు చూసినప్పుడల్లా నాకు ఇదే ఆలోచన వస్తుంది. ఉన్న అద్దాన్ని పారేయకుండా బాగుచేయడానికి గొప్ప ఉదాహరణ న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం. 2010లో అక్కడ 6,514 కిటికీలను ఊడదీసి, భవనంలోనే ఒక అంతస్తులో కార్ఖానా పెట్టి, పాత అద్దాల మధ్యనే పలచని ఫిల్మ్‌ను బిగించి, వాయువు నింపి, మళ్లీ అమర్చారు. అది అతికించే ఫిల్మ్ కాదు, రెండు అద్దాల మధ్య వేలాడేది. అయినా పాత గాజులో అత్యధిక భాగం మళ్లీ వాడుకోగలిగారు. మా అసోసియేషన్ కార్యదర్శి అన్ని ఫ్లాట్ల కిటికీలూ మార్పించేద్దామని ప్రతిపాదించినప్పుడు సమావేశంలో నేను చెప్పింది ఈ సంగతే. మంచి అద్దాన్ని చెత్తలో వేసి, కొత్త ఫ్రేముతో సహా కొనడం చివరి దారి కావాలి.

అదే సమావేశంలో ఏ కిటికీకి అవసరమో కూడా మాట్లాడుకున్నాం. మన అక్షాంశంలో ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు రోజంతా మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఆ మూడు నెలలూ దక్షిణపు కిటికీ మీద నేరుగా ఎండ పడదు. దక్షిణానికి ఫిల్మ్ వేయించడం వేసవి కోసమైతే వృథా. చలికాలంలో వచ్చే ఎండ దాని నుంచే వస్తుంది, అది ఒంటికి హాయే. తూర్పు, పడమరలే మనల్ని కాల్చేవి. ఉత్తరం కిటికీకి మాత్రం జూన్‌లో ఉదయం, సాయంత్రం ఏటవాలుగా ఎండ తగులుతుంది. దానికి పక్కన నిలువు అడ్డు సరిపోతుంది. అలా లెక్క వేస్తే మా అపార్ట్‌మెంటులో సగానికి పైగా కిటికీలకు ఫిల్మ్ అవసరం లేదని తేలింది.

ఒకరిద్దరు ఫిల్మ్ వేయిస్తే కర్టెన్లు తీసేయవచ్చని ఆశపడ్డారు. పగలు బయట వెలుగు ఎక్కువ కాబట్టి బయటివారికి లోపల అంతగా కనిపించదు. రాత్రి దీపం వేయగానే ఇది తిరగబడుతుంది. కర్టెన్ ఉండాల్సిందే.

అందరికంటే ఎక్కువ ఆశతో వచ్చింది అయిదో అంతస్తు వాళ్లు. వాళ్లకు పడమటి కిటికీ ఒక్కటే, అదీ చిన్నది. ఇల్లు మాత్రం రాత్రి పదింటికి కూడా కొలిమిలా ఉంటోంది. నేను వెళ్లి పైకప్పు అడుగుభాగం మీద చెయ్యి పెట్టి చూశాను. వేడి అక్కడి నుంచి దిగుతోంది. పగలంతా నడినెత్తి ఎండను తాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని ఇంట్లోకి వదులుతోంది. ఫిల్మ్ డబ్బు జేబులో ఉంచుకుని ముందు డాబా మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించమన్నాను. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఏకంగా ఒక విధానమే ప్రకటించింది. డాబా ఉమ్మడి ఆస్తి కాబట్టి ఖర్చు అందరం పంచుకోవాలని తీర్మానం రాశాం. వచ్చే ఉగాదికి ముందే ఆ పని పూర్తి చేయించాలని కార్యదర్శి కొటేషన్లు తెప్పిస్తున్నారు.